లవంగం

వాగా వాగా.
రెండుసార్లు పిలిస్తేగాని పలకని ఊరు,
అక్కడివాళ్ళు మాత్రం ఒక్కసారే అని ఊరుకుంటారు.
ఆ ఊళ్ళో, రైలుపట్టాల పక్క వీధిలో,
నా అద్దెయింట్లో
ఒక కెల్పీ కుక్క.
గొర్రెల్ని తోలాల్సిన జాతి. గొర్రెల్లేవు.
అందుకని నన్ను తోలేది:
వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి పెరట్లోకి,
మడమలకి ముక్కు ఆనించి.
మిడత అని పేరు పెట్టాను.
పేరు పెట్టిన నాడే కంచె దూకింది.

మొదటి నెలలో తిన్నవి:
ఎడమకాలి చెప్పులు మూడు
(కుడివి ముట్టలేదు, ఎందుకో),
సోఫా పొట్టలోని దూది,
ఇంటి ఓనరు పంపిన హెచ్చరిక ఉత్తరం, కవరుతో సహా.

అలిసిపోతే అణుగుతుందనుకున్నాను.
రాత్రి డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండానే
మరంబిడ్జీ ఒడ్డున పరిగెత్తించాను.
ఐదు కిలోమీటర్లు. ఎనిమిది. పన్నెండు.
నా మోకాళ్ళు అరిగాయి,
దాని దమ్ము పెరిగింది.
ఇంటికొచ్చి నేను గుమ్మంలో కూలబడితే
అది కాలుగాలిన పిల్లిలా
(కుక్కని ఇలా అనొచ్చో లేదో)
గది నాలుగు మూలలూ కొలిచేది.

పక్కింటి నోరీన్ కంచె మీంచి చూసింది.
నలభై ఏళ్ళు ఉన్నిని వేళ్ళతో తడిమి
ఏది సన్నం ఏది ముతక తేల్చిన మనిషి.
"కాళ్ళకి మేపుతున్నావమ్మాయ్,
బుర్ర పస్తుంటోంది" అంది.
అంతే. టీ చల్లారుతోందని లోపలికెళ్ళిపోయింది.

మసాలా డబ్బాలోంచి ఒక లవంగం తీశాను.
చిల్లులు పొడిచిన రేకుడబ్బీలో వేసి
మూత బిగించి, వాసన చూపించి,
పుస్తకాల వెనక దాచి
వెతుకు అన్నాను.

మొదటిరోజు నా మొహంలో వెతికింది.
రెండోరోజు అరిచింది, నేనేదో మోసం చేసినట్టు.
మూడోరోజు
నిలబడింది.
మిడత నిలబడడం నేనెప్పుడూ చూళ్ళేదు.
తోక ఆగింది, చెవులు ఆగాయి,
ముక్కొక్కటే కుట్టుమిషన్‌లా
గాలిని చిన్నచిన్న కుట్లుగా కుడుతోంది.
ఒక అడుగు. మళ్ళీ ఆలోచన. ఒక అడుగు.
దొరికాక గంతులేస్తుందనుకున్నాను.
కూర్చుంది.
చిటికెడు చీజ్ తిని, పొడుగ్గా నిట్టూర్చి,
మధ్యాహ్నం దాకా నిద్రపోయింది.
పన్నెండు కిలోమీటర్లు చెయ్యని పని
పదినిమిషాల వాసన చేసింది.

నేను మాత్రం మేలుకునే ఉన్నాను.
అంబులెన్సులు పంపే గది నాది.
రాత్రంతా చెవుల్లో ఎవరిదో వణుకు,
ఏదో వీధి పేరు, మధ్యలో తెగిన గొంతు.
పగలు తెరలు దించినా
ఇంకా ఎవరో లైన్లోనే ఉంటారు.
దాని బుర్రకి పస్తు,
నా బుర్రకి అజీర్తి.

ఇప్పుడు పొద్దున్నే పరుగు లేదు.
షూ విప్పుతాను, డబ్బీ దాస్తాను,
నేలమీద చతికిలబడి దాని ముక్కు వెంట చూస్తాను.
ఆ కాసేపూ
ఏ ఫోనూ మోగదు.

నిన్న బాగా అలిసొచ్చాను.
దాచాను, ఎక్కడో గుర్తులేదు.
వెతుకు అన్నది నేనే, వెతికిందీ నేనే:
షెల్ఫు, వాషింగ్ మెషీను, బియ్యం డబ్బా,
కార్పెట్ అంచులు వాసన చూస్తూ
మోకాళ్ళ మీద పాకాను.
ఎంతసేపటికో తల తిప్పితే
తలుపు వెనక వేలాడే నా యూనిఫాం కింద,
జేబువైపు మోర ఎత్తి,
మిడత.

ఎప్పట్నుంచి అలా కూర్చుని ఉందో.
నేనింకా సోఫా కిందే ఉన్నాను.