స్టార్టరు డబ్బాలో కప్ప

ఈ వారం మాకు కరెంటు రాత్రి రెండింటికి.
మోకాలు పట్టేసి ఆయన మూలుగుతుంటే
తలకి తువాలు చుట్టి నేనే బయల్దేరతా.
చేతిలో టార్చి, బొడ్లో అగ్గిపెట్టె,
కాళ్లకి మా వాడు తొమ్మిదిలో వదిలేసిన స్కూలు బూట్లు.
వేళ్ల కాడ బిగుతే,
అయినా మంచు దిగదు.

వట్టిచెరుకూరు డొంకలో
పొగమంచు ఎట్టా ఉండిద్దంటే
మన టార్చి వెలుగే తిరిగొచ్చి మన మొహాన కొట్టిద్ది.
గట్టు ఎక్కడ తెగిందో
కాలికి తెలియాల్సిందే, కంటికి కాదు.

మోటారు కాడ స్టార్టరు డబ్బా.
తలుపు తీసే ముందు మూడు సార్లు తట్టాలి.
లోపల ఒక కప్ప ఉంది,
మట్టి రంగుది, నా బొటనవేలంత.
కార్తీకం వెళ్లాక వచ్చిద్ది,
శివరాత్రికి చలితో పాటే పోయిద్ది.
ఇనప డబ్బాలో వెచ్చగా ఉండిద్దని
దానికెవరు చెప్పారో.

మొదటేడు నాకు తెలవదు.
చూడకుండా పచ్చ బటను నొక్కా.
ఆ వాసన నాలుగు రోజులు ముక్కులోంచి పోలా,
అన్నం ముద్ద కూడా అదే వాసనేసింది.
ఇది వేరేది.
తడితే ఒకసారి కళ్లు మూసి తెరిచి
విసుక్కుంటా పక్కకి జరిగిద్ది,
మా అత్త మంచం మీద చోటిచ్చినట్టు.

పైపు గాలి కక్కి, గురగురమని,
చివరికి నీళ్లు మిరప సాళ్లలోకి దిగుతాయి.
వాటి వెనకాలే పార పట్టుకుని నేను.
చలికి తాళలేక పోయినేటి మిరపకట్టె అంటిస్తా.
దానికి ఒక్క తాలుకాయ అంటుకుని ఉన్నా చాలు,
దగ్గీ దగ్గీ
అవతలి చేలో కుక్క కూడా లేచిద్ది.

అక్కడ్నించి చూస్తే పేటలో
దయామణి వాళ్ల డాబా మీద కాగితం నక్షత్రం,
లోపల ఎర్ర బల్బు.
దాన్ని చూసి పొద్దనుకుని
మా పుంజు మూడింటికే కూసిద్ది.
క్రిస్మస్ దాటిందాకా దానికి నిద్ర లేదు,
మాకూ లేదు.

నాలుగున్నరకి పాలు.
చల్లటి చెయ్యి పొదుగు మీదేస్తే గేదె చేపదు,
కాలు కూడా ఎత్తిద్ది.
పొయ్యి మీది కుడితిలో ముంజేతుల దాకా ముంచి
తవుడు వాసనేసే చేతుల్తో కూర్చుంటా.
దూడకి యూరియా గోనె కప్పి
పురికొస కట్టా కదా,
తెల్లారేసరికి గోనెలో సగం నమిలి
మిగతా సగంలో వణుకుతా నిలబడుద్ది.
కేంద్రంలో శౌరయ్య
"వెన్న ఆరూ రెండు" అని చీటీ రాసిస్తాడు.
నేను వాడి మొహమే చూస్తా,
అంకె కంటే ముందు అదే చెప్పిద్ది.

పిడకలు నాలుగు రోజులకీ ఎండవు.
కింద చెయ్యి పెడితే ఇంకా పచ్చి.
మా అత్త మంగతాయారు
ఎండ ఎటుంటే అటు మంచం ఈడ్పిస్తది.
పాక గోడ కాడుంటే తొమ్మిది,
గడ్డివాము కాడుంటే పదకొండు.
మా ఇంట్లో గడియారం ఆగిపోయి రెండేళ్లయినా
ఎవరికీ లోటు తెలవలా.

నిన్న గుంటూరు నుంచి ఖాజా అనే కుర్రాడొచ్చాడు.
సిమ్ము కార్డేసే స్టార్టరంట.
మంచంలో పడుకుని ఫోన్ నొక్కితే
చేలో మోటారు తిరిగిద్దంట.
ఆయన మొహం వెలిగింది.
"ఇంక నువ్వు లేవక్కర్లేదే" అన్నాడు,
నాకు చీర తెచ్చినప్పుడు కూడా
అంత మెత్తగా అనలా.

నవ్వుతారని కప్ప సంగతి చెప్పలా.
కాయ అమ్మినాక చూద్దాంలే అన్నా.
ఖర్చుకి భయపడ్డాననుకున్నారు,
అత్త కూడా మెచ్చుకుంది.

రాత్రి మళ్లీ రెండింటికి లేచా.
తువాలు, టార్చి, బిగుతు బూట్లు.
మంచు నిన్నటి కంటే చిక్కన.
డబ్బా మీద మూడు సార్లు తట్టా.

నాలుగోది ఊరికే.