మూత బిగిస్తే

మూత తీసి ఉంచితే పాడుతుంది.
మూత పెట్టి నాలుగు మరలూ బిగిస్తే
టప్‌మని ఒక్క చప్పుడు, ఫ్యూజు మాడుతుంది.
మంగళవారం నుంచీ ఇదే వరస.
డబ్బాలో పది ఫ్యూజులుండేవి. ఇప్పుడు మూడు.

డెబ్బై తొమ్మిదిలో ఈ ఊళ్ళోనే పుట్టిన సింథసైజర్ ఇది.
కాస్టెల్‌ఫిదార్దోలో అకార్డియన్లు చేసిన చేతులే
గిరాకీ తగ్గాక తీగలు అతకడం నేర్చుకున్నాయి.
మా అమ్మ ఆ షెడ్డులో మీటలు బిగించేది.
ఆ సంగతి ఇప్పుడు నాకు పనికిరాదు.

లవీనియా తెచ్చినప్పుడు దీనికున్న జబ్బు హోరు ఒక్కటే,
ఏ మీట నొక్కినా వెనక ఒక తేనెపట్టు.
కెపాసిటర్ పొట్ట ఉబ్బింది, మార్చాను, హోరు పోయింది.
పోయిందని ఫోన్ చేసి చెప్పాను కూడా.
శనివారం అంకోనా రేవులో ఆమె కచేరీ.
చెప్పాకే మూత బిగించాను. అదీ నా తెలివి.

లోపల నజ్జరేనో చేతిపని ఉంది.
వెనక పలకకి ఆరు రంధ్రాలు తొలిచి
బయటి పెట్టెలతో మాట్లాడుకోమని దీనికి నోళ్ళు పెట్టాడు,
వాటికి కరెంటు ఈ పాత సప్లై నుంచే లాగాడు.
ఇద్దరం పదకొండేళ్ళు ఒకే బల్ల మీద పొగ పీల్చినవాళ్ళం,
ఒక ట్రాన్స్‌ఫార్మర్ బాకీ దగ్గర మాటలు తెగిపోయాయి.

ఇంకేం, దొంగ దొరికాడు.
బుధవారమంతా అతని తీగలు ఒక్కొక్కటే ఊడదీశాను.
ఎరుపు, నలుపు, అతనికి ఇష్టమైన ఆ వంకాయ రంగు.
అతుకులన్నీ ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రంగా, నునుపుగా.
ఒక్కటైనా మసకగా ఉండకూడదా అని కోపం వచ్చింది.
అన్నీ విప్పి, దీన్ని ఫ్యాక్టరీ నాటికి తీసుకుపోయి
మూత బిగించాను.
టప్.

గురువారం కరెంటు తీసేసి, మూత బిగించే ఉంచి
మీటరు మొన ఒకటి నేల తీగకి, ఒకటి మైనస్ దారికి ఆనించాను.
కూసింది. రెంటికీ నడుమ ఏమీ లేదని కూసింది.

రెండు రెగ్యులేటర్లు అంచున నిలబడి
వేడి దించుకోవడానికి మూతకి వీపు ఆనిస్తాయి.
ప్లస్ దాని వీపు నేలకి చుట్టమే, తగిలినా తప్పులేదు.
మైనస్ దాని వీపు మీద ప్రాణమున్న కరెంటు.
అందుకే దానికీ మూతకీ మధ్య
గోరంత అభ్రకపు రేకు ఉండాలి.
ఆకాశం పేరు పెట్టుకున్న రాయి, ఉల్లిపొరకన్నా పలచన,
వేడిని పోనిస్తుంది, కరెంటుని నేల తాకనివ్వదు.
అది లేదు.

నజ్జరేనో పెట్టలేదు, అని నోటిదాకా వచ్చింది.
కానీ మూత లోపలివైపు తెల్లటి పేస్టులో
దాని అచ్చు పడి ఉంది, నాలుగు మూలలతో సహా.
మొన్నటిదాకా అక్కడే ఉంది.
మంగళవారం మూత తీసింది నేనే.

బల్ల కింద టార్చి వేశాను, చీపురు పట్టాను,
చొక్కా మడతలు విప్పి దులిపాను.
చల్లారిన కాఫీ గుక్కెడు తాగుదామని కప్పు ఎత్తితే
దాని అడుగున అంటుకుని తళుక్కుమంది.
మూడు రోజులు నా కాఫీకి కరెంటు తగలకుండా కాపాడింది, పాపం.
ఆడలేకపోయింది నేను, తిట్టింది అతని మద్దెలని.

రేకు పెట్టాను. మూత బిగించాను. నిశ్శబ్దం, తర్వాత
ఎర్ర దీపం వెలిగి, వెలుగుతూనే ఉంది.

ఇక ఊడదీసినవన్నీ మళ్ళీ అతకాలి.
ఎరుపుకి జాగా తెలుసు, నలుపుకి తెలుసు,
వంకాయ రంగు తీగ ఏ కాలి నుంచి తీశానో
కోపంలో రాసి పెట్టుకోలేదు.

నంబరు ఇంకా నోటికొచ్చు.
ఆరుసార్లు మోగింది.
"వంకాయ తీగ ఎక్కడికి పోతుంది?" అన్నాను, పేరు చెప్పకుండా.
అవతల టీవీలో ఏదో ఆట, గిన్నెలో చెంచా ఆగిన చప్పుడు.
"ఎందుకు తీశావు, సెతీమియో?" అన్నాడు.