సీసా లేని మూలకం

ఫహాహీల్‌ల మా బడి, మూడో అంతస్తు.
కిటికీ తీస్తే రిఫైనరీ మంట,
దాని ఎనుక బెత్తెడు సముద్రం.
బేస్తవారం ఆఖరి పీరియడు, పదకొండో తరగతి ప్రాక్టికల్.
నేను అటెండర్ని.
టెస్ట్‌ట్యూబులు కడుగుడు, సీసాలకు పేర్లు అతికించుడు,
ఎవరన్న ఆసిడ్ ఒలకబోస్తే సోడా చల్లుడు నా పని.

షైనీ మేడం ఇంగ్లీషుల చెప్తది.
నేను సింకు కాడ నిలబడి లోపల్లోపల
మర్రిగూడ హైస్కూలు తెలుగులకు మార్చుకుంట.
డిస్‌ప్లేస్‌మెంట్ అంటే స్థానభ్రంశం.
ఈ మాట పరీక్షల రాసి రెండు మార్కులు తెచ్చుకున్న,
అర్థం మాత్రం ఈడికొచ్చినంకనే అయింది.

పొటాషియం బ్రోమైడ్ చూస్తే మంచినీళ్ల తీరు.
క్లోరిన్ నీళ్లు నాలుగు చుక్కలు పడంగనే
కమలాపండు తొక్క రంగు.
"బ్రోమిన్ బయటికొచ్చింది" అంటది మేడం.
వచ్చిందో, ఎల్లగొట్టిండ్రో!
ఆరు మంచాల అర్రల ఉన్నోణ్ని,
ఎవడొస్తే ఎవడి పరుపు చుట్టాల్నో నాకెరుక.

అయోడిన్‌ది ఇంకో గుణం.
కరుగుతందుకు ఓపిక లేదు దానికి.
సెగ తగిలితే చాలు, పలక నుంచి సీదా పొగ,
వంకాయ పువ్వు రంగు పొగ.
పిల్లలు ఒక్కసారే "ఓ" అన్నరు.
పైన చల్లటి గాజుపలక పెడితే
దానికింద మళ్ల నల్లపూసలు.
మా దిక్కు కనపడకుండ పోయినోణ్ని
నల్లపూసైండు అంటరు.
ఇదేమో కనపడకుండ పోయి
నల్లపూసలై తిరిగొచ్చింది.

అన్నిటికంటె కింద ఆస్టటీన్.
ఎనిమిది గంటలకు సగమైపోతదంట.
పిల్లలు నవ్విండ్రు.
ఎనిమిది గంటల డ్యూటీకి
సగమైపోయేటోళ్లు మా అర్రల అయిదుగురున్నరు,
వాళ్లను ఏ పట్టికల రాయలె.

ఇండ్లకాడి నీళ్లు తెమ్మంటే సీసాలల్ల తెచ్చిండ్రు:
వంటింటి నల్ల నీళ్లు, కొనుక్కున్న నీళ్లు,
ఒకడు సముద్రపు నీళ్లే తెచ్చిండు, ఇసుకతోని సహా.
సిల్వర్ నైట్రేట్ ఏస్తే
కొన్న నీళ్లల్ల ఉన్నదో లేదో అన్నంత మసక,
సముద్రంల విరిగిన పాలు.
నా ఏళ్ల కొసలు మాత్రం నల్లగ.
ఈ మరక సబ్బుకు పోదు, తోలుతోనే ఊడాలె.

అందరు పోయినంక ఒక పని చేసిన.
పొద్దున ఓదేలు విడిచిన అంగీ నా సంచిల ఉండె.
షుఐబాల పైపులకు దూది చుట్టుతడు వాడు.
వీపు మీద తెల్లటి గీతలు,
గీత లోపల గీత, ఒక్కో పూటకు ఒక్కోటి.
బీకరుల నానబెట్టి పిండిన.
మూడే మూడు చుక్కలు.
సముద్రం కన్న చిక్కగ విరిగింది.

మేడంకు చెప్పలె. ఏమని చెప్పాలె?

గప్పుడే హుమేరా తిరిగొచ్చింది, మర్చిన కళ్లద్దాల కోసం.
సీసాల వరుస చూసి అడిగింది:
"అంకుల్, అన్నీ ఉన్నయి, ఫ్లోరిన్ ఏది?"
మేడం చెప్పిందే చెప్పిన.
దాన్ని బళ్లె పెట్టరు బిడ్డా,
గాజును గుడ తింటది, ఏ సీసాల ఆగదు.

చెప్తున్నంతసేపు చెయ్యి అడ్డం పెట్టుకున్న మూతికి,
పదకొండేండ్ల అలవాటు.
మా బోరింగు నీళ్లు తాగిన పండ్లు ఇవి,
పసుపు మీద కాఫీ గీతలు.
మా పెద్దవ్వ మోకాళ్లు లోపలికి వంగి
నడుస్తుంటే గుమ్మం పట్టకపోయేది.
సీసాల ఆగనిది బొక్కలల్ల ఆగింది,
తరాలకు తరాలు ఆగింది.

హుమేరా అద్దాలు పెట్టుకొని నన్ను చూసింది.
చెయ్యి తీసి నవ్విన్నా, నవ్వుతుంటే చెయ్యి జారిందా,
ఇప్పుడు గుర్తుకులేదు.
"ఓ" అన్నది మెల్లగ, వంకాయ పువ్వు పొగను చూసినట్టే.

ట్యూబులన్ని కడిగిన, ఓదేలుది ఒక్కటి కడగలె.
కిటికీల పెట్టి తాళమేసిన.
ఆదివారం వచ్చి చూస్తే
రెండు దినాల ఎండకు తెలుపు తెలుపు లేదు,
ఊదారంగు తిరిగి, అంచుల పొంటి నల్లబడుతున్నది.
వెలుతురుకు సిల్వర్ క్లోరైడ్ గట్లనే అయితది,
పుస్తకంల ఉన్నది.