రొయ్య మీసం

బరంపురం బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను
రోజుకి తొమ్మిదొందల అద్దె కెమెరా.
పెద్ద సెన్సార్‌ది కూడా చూపించాడు.
దాని అద్దె కట్టాలంటే మా పర్లాకిమిడి స్టూడియో
ఇంకో రెండు పెళ్ళిళ్ళు తియ్యాలి.

లెన్సుల దగ్గరే పొద్దుపోయింది.
చేతికి అలవాటైన జూమ్ నా దగ్గరే ఉంది,
మండపం మూల నుంచే పెళ్ళికూతురి కంటితడిని లాక్కొచ్చేది.
ఈ పనికి అది పనికిరాదు.
ముందుకీ వెనక్కీ జరిగే చూపు మీద కొలత నిలవదు.
వెడల్పు లెన్సు కొట్టునంతా పట్టింది గానీ
తలుపు చెక్కని విల్లులా వంచేసింది.
చివరికి అరవై మిల్లీమీటర్ల మాక్రో,
ఒక్క మాట మీద నిలబడే మనిషి లాంటిది.
ఫోకస్ రింగుకి నల్ల టేపు చుట్టేశాను.
ఇంక కదిలితే నేనైనా కదలాలి, రొయ్యైనా కదలాలి.

రొయ్యంటే బంకనిధి మౌసా చేసింది.
గేదె కొమ్ముని నిప్పు సెగ మీద వంచి,
ఆకురాయితో గీకి, జానెడు నలుపులో
నీళ్ళలోంచి అప్పుడే ఎగిరినంత మెరుపు పెట్టాడు.
ఆ మెరుపే నా కొంప ముంచేది.
ఫొటో ఫొటోకీ వెలుగు చోటు మారుతుంటే
యంత్రం దాన్ని ఒంటి మీద మచ్చనుకుంటుంది.
పోలరైజర్ తిప్పితే సగం మెరుపు చచ్చింది,
మిగతా సగానికి మొహం పౌడరు అద్దాను.
"నలభై రోజులు కొబ్బరినూనెతో రుద్దితే
బూడిద పూస్తావేటే పిల్లా!"
తిట్టు ఒడియాలో మొదలై తెలుగులో దిగింది.

పాత టేబుల్ ఫ్యాన్ బేరింగు మీద పీట,
పీట మీద సగం ఒడియా పేపరు, సగం తెలుగు పేపరు.
యంత్రానికి గుర్తులు కావాలి, భాషతో పనిలేదు.
దానికి రెండూ గుండ్రాలే.
పది డిగ్రీలకొకటి, మూడు ఎత్తుల్లో,
బోర్లా తిప్పి మళ్ళీ. రెండొందల పదహారు.
ఎఫ్ పదకొండు దాటి మూస్తే బొమ్మ మెత్తబడుతుంది,
తెరిస్తే తోక మసకేస్తుంది.

లాప్‌టాప్ రాత్రంతా రొప్పింది.
తెల్లారేసరికి తెరమీద రొయ్య తిరుగుతోంది.
ఐదో కణుపు కింద ఆకురాయి జారిన గీత,
మౌసా ఎవరికీ చెప్పనిది, అదీ వచ్చింది.
మీసాలు రాలేదు.
మొదట్లో రెండు మొలకలు, ఆ తర్వాత మంచు.

"రొయ్యకి లేవా బారెడు మీసాలంటారు మీవోళ్ళు.
దీనికి లేవే!" అని చాలాసేపు నవ్వాడు.
నవ్వాగాక, లోపలికి చెయ్యి చూపించాడు.
"అవి నేను తియ్యలేదులే. వేడి మీద
వెంట్రుకంత సన్నంగా లాగేది మీ మౌసి."

ఆమె గుమ్మంలోకొచ్చి తెర వంక చూసి
"ఇంకో అద్దం పెడితే దొరుకుతాయా?" అంది.
వంద మిల్లీమీటర్లది ఉందన్నాను, అదీ అనుమానమే అన్నాను.
కెమెరా రేపు పదింటికల్లా తిరిగివ్వాలి.

టేపు విప్పాను.
చేతులు పెట్టమన్నాను పీట మీద, పేపర్ల మీద.
బొటనవేలి కొసన తెల్లటి కాలిన మచ్చ.
పౌడరు అద్దలేదు.