ఎనుక లైటు

సిగ్నల్ కాడ ఒక టాక్సీ ఆయన
అద్దం మీద రెండేళ్లతోని కొట్టి చెప్పిండు:
"భాయ్, పీఛేకా బత్తీ."
గంతే. పచ్చలైటు పడ్డది, పోయిండు.
ఎన్ని దినాలసంది నేను
చెప్పకుండనే ఆగుతున్ననో!

సనాయ్యాల పఠాన్ దుకాణం.
బల్బు ఒక్కటియ్యమంటే
రెండున్న డబ్బీ ముందటేసిండు.
జత ఇడువడట. ఆరు దిర్హమ్‌లు.
గ్యారేజీల అయితే
మనిషికింత, చేతికింత, స్క్రూకింత.
పొద్దంత పానా తిప్పేటోనికి
బల్బు మార్చుడు ఒక లెక్కనా అనుకున్న.

శుక్రారం. అజ్మాన్, నైమియా,
మా బిల్డింగు ఎనుక ఇసుక జాగ.
అసర్ నమాజు అయిపోయినా
డిక్కీ రేకు పెనమోలె ఉన్నది.
గుడ్డ పెట్టి లేపిన.
లోపల పోశెట్టి సేఫ్టీ బూట్లు,
పోశెట్టి హెల్మెటు,
ఊరికి పంపుతనని కొని పోశెట్టి పంపని దుప్పటి.
బండి నా పేరు మీద. పెట్రోలు ఇద్దరిది.
మాటలు బందై పదకొండు రోజులు.
మెస్సు లెక్కల అరవై దిర్హమ్‌ల తేడా,
అటెన్క అరవైకి మించి అన్న మాటలు.
పొద్దుగాల ఐదింటికి పక్కపొంటి కూసుంటడు,
షార్జా దాటేదాక ఏసీ చప్పుడే ముచ్చట.

బూట్లు పక్కకు వెట్టి
లోపలి నల్లగుడ్డ గుంజిన.
ప్లాస్టిక్ గుండీ ఒకటి పుటుక్కున ఇరిగింది.
చెయ్యి పట్టదు, కన్ను ఆనదు,
ఏళ్లతోనే చూసుకుంట పోవాలె.
హోల్డరు చిక్కింది. పావు మల్క తిప్పితే
వదులైన పన్నోలె ఊడొచ్చింది.

బల్బు బుర్ర నల్లగ మాడింది.
ఎండకు పట్టి చూసిన:
లోపల రెండు తీగెలు.
రాత్రంత మినుకుమినుకుమనే సన్నది
సాపుగనే ఉన్నది.
తెగింది రెండోది,
కాలు బ్రేకు మీద వడ్డప్పుడు
'ఆగుతున్న, జర సూడు' అని మొత్తుకునేది.
ఎర్ర డబ్బా అడుగున దుమ్ము,
ఆవగింజంత పురుగు, రెక్కలు ఇంక రాలనిది.
ఎటునుంచి జొచ్చిందో.

కొత్తదాన్ని టిష్యూల వట్టుకొని పెట్టిన.
ఇగ బ్రేకు తొక్కాలె.
తొక్కేటోడు చూడలేడు,
చూసేటోడు తొక్కలేడు.
నాతూరును పిలుద్దామంటే నిద్రల ఉన్నడు.
ఐదు లీటర్ల నీళ్ల డబ్బా పెడల్ మీద పెట్టిన, జారింది.
చీపురుకట్టె సీటుకు తన్నిపెట్టిన,
మెత్త సీటు, లోపలికి దిగింది.
మల్ల కూసొని ఉట్టిగనే తొక్కిన,
ఎవలికో ఏమో.

మూడో అంతస్తు నుంచి వినవడ్డది:
"ఎడమది పడ్తలేదు."

తలకాయ బయట వెట్టి పైకి చూసిన.
బాల్కనీల ఆరేసిన లుంగీలే.
దిగి హోల్డరు తీసిన.
బల్బు నడుముకు రెండు ముల్లులు,
ఒకటి ఎత్తుల, ఒకటి పల్లంల.
తిర్లమర్ల జొనిపిన నేను,
పట్టుకు రాకున్నా బలిమిన నూకిన.
సరి చేసి, కూసొని, అరిసిన: "ఇప్పుడు?"
చప్పుడు లేదు.
కాలు తియ్యలే.
పిల్లి ఒకటి టైరు పక్కకెంచి లేచిపోయింది.

మెట్ల కాడి ఇనుప తలుపు మోగింది.
మగ్రిబ్ అజా మొదలైంది, ఎల్తురు తగ్గుతున్నది.
ఎడమ అద్దంల ఒక తెల్ల బనీను నిలవడ్డది.
ఏమనలే.
బనీను మీద, బొజ్జ ఉబ్బు మీద
ఎర్రగ పడ్డది.
కాలు తీస్తే పోయింది. తొక్కితే వచ్చింది.
ఇంకోసారి తొక్కిన, అక్కర లేకున్నా.

"కుడిది గూడ మార్చు."
"అది మంచిగనే ఉన్నది."
"ఒకటి పోయిందంటే రెండోది ఎన్నొద్దులో ఆగదు.
డబ్బీల ఇంకోటి ఉన్నది గద."
ఫోన్ లైటు ఏసి వట్టుకున్నడు.
అటు పక్క గుండీ
ఇరగకుంట తీసింది ఆయనే.

అరవై దిర్హమ్‌లు గట్లనే ఉన్నయ్.
దుప్పటి మడతవెట్టి, బూట్లు మల్ల డిక్కీల వెట్టిన.
లిఫ్టుల, మాడిపోయిన బల్బు
నా పిడికిట్ల గల్లుమన్నది.
"గదేంది?" అన్నడు.
ఇచ్చిన.
చెవి కాడ వెట్టుకొని ఊపిండు.