నాలుగు నిమిషాలు

కరెంటు పోయి వస్తే చాలు
నా కంప్యూటర్ రెండువేల పదికి పోతుంది.
జనవరి ఒకటి, రాత్రి పన్నెండు.
లోపల రూపాయి బిళ్లంత సెల్లు
చచ్చి మూడు నెలలైంది.
ముప్పై రూపాయలే. కొందాం కొందాం అనుకుంటా.

ఆదోని ఎండ షట్టర్ కిందినుంచి
నా కాళ్లదాకా వచ్చిన వేళ
మద్దిలేటి తాత వచ్చినాడు,
బతికే ఉన్నానని పింఛను ఆఫీసుకు చెప్పుకోవాలంట.
సైటు తెరుచుకోలేదు.
దాని సర్టిఫికెట్టు ఇంకా పుట్టనేలేదు
నా గడియారం లెక్కలో.

"ఉండు తాతా, టైము తెప్పిస్తా."
"యాడనుంచి?"
"సర్వర్‌ను అడిగి."
"దానికెవరు సెప్తారు?"
"దానిపైన ఇంకోటి."
"ఆ పైన?"
"యాడనో అణుగడియారం. అది తప్పదు."
తాత నవ్వలేదు.
"అడిగేది పోవాల, జవాబు రావాల.
వచ్చేలోపల ఆ టైము పాతబడదా పాపా?"

ఏడేండ్లుగా ఈ కుర్చీలో ఉన్నా,
ఒక్కరూ అడగని మాట.
పోనూ రానూ ఎంతసేపైందో చూసి
అందులో సగం కలుపుకుంటుందని చెప్పినా.
"మంచిదే," అన్నాడు,
"దారిని లెక్కలోకి తీసుకుంటాదన్నమాట."

తెరమీద చక్రం తిరుగుతా ఉంది.

"మిల్లు కూత ఇరవై రెండేండ్లు నా చేతిలో ఉండె.
పొద్దున ఆరుకు.
ఊరంతా దానికే ముల్లు తిప్పుకుంటాండె.
రైలుగేటు అవతలినుంచి హుసేన్‌బీ రావాల,
చంకలో బిడ్డ,
గడియారం లేదు, కోడిని నమ్ముకున్న మనిషి.
గూడ్సు అడ్డం నిలబడితే నాలుగు నిమిషాలు.
కూత తర్వాత వస్తే కూలి కోత.
తాడు పట్టుకుని నిలబడి ఉంటి.
ఆ యమ్మ గేటు దాటినాకనే లాగితి.

అట్ల ఊరు ఊరంతా నాలుగు నిమిషాలు ఎనకబడింది.
రైలు తప్పినోళ్లు రైలును తిట్టుకున్యారు."

ఒకనాడు కొత్త మేనేజరు
రేడియో చెవికి పెట్టుకుని వచ్చినాడంట.

"ఒక్కసారే సరిచేస్తే
ఎందరి కూలి పోతాదో సూడు.
నెపం బాయిలర్ మీద పెట్టి
దినానికి పది సెకన్లు జరిపినా.
ఇరవైనాలుగు దినాలు.
హుసేన్‌బీ రోంత బిర్నా లేచిందో, బిర్నా నడిచిందో,
ఆ యమ్మకే తెలీదు."

తేడా చిన్నదైతే ఇదీ అంతే తాతా,
కుదుపు తగలకుండా సెకన్ను సాగదీస్తుంది,
అని చెప్పబోయినా.
అంతలో తెర దూకింది.
పదిహేనేండ్లు, ఒక్క దూకు.

వేలిముద్ర మూడుసార్లు కాదనింది,
నాలుగోసారి ఒప్పుకుంది.
రసీదు చదివి వినిపించినా:
పదకొండు గంటల నలభైరెండు నిమిషాల
ఏడు సెకన్లకు సజీవంగా ఉన్నారు.
"ఏడు సెకన్లు కూడానా," అన్నాడు,
కాగితం నాలుగు మడతలు పెట్టుకుంటా.

పోతా పోతా మెట్టుమీద నిలబడి
చేతి హెచ్చెమ్టీకి కీ ఇచ్చుకున్నాడు.
ముల్లు మాత్రం తిప్పలేదు.
అది ఎంత చూపిస్తా ఉందో
నాకు కనపడలేదు.

సాయంత్రం మళ్లా కరెంటు పోయింది.
సెల్లు ఇంకా కొనలేదు.