రేకు వేడి

ముసఫ్ఫా క్యాంపు, పద్నాలుగో నంబరు గది.
ఎనిమిది మంచాలు, ఒక్క ఏసీ.
తలుపు బయట మేకుకు లస్మయ్య థర్మామీటరు,
దాని కింద దారం కట్టిన నోటుబుక్కు,
అందుల ఏడు ఎండకాలాలు.

సెలవు నాటి రాత్రి పప్పు ఉడుకుతుంటె అన్నడు:
"ఏటికేడు ఎండ ఎక్కుతున్నది.
రాత్రి గూడ దిగుతలేదు. రాసిన, చూడుండ్రి."

నేను చూడలె.
"పది తప్పినోనివి, ఎండ సంగతి నీకేం ఎరుక?" అన్న.
గది నవ్వింది.
నవ్వు రుచి మరిగినోణ్ని, ఆగలె.
"పొద్దంత ఆయిల్ కంపెనీ పైపులు వెల్డింగ్ జేసి
రాత్రి భూమాతకు జ్వరమంటవా?
ఏసీ పదహారు మీద పెట్టుకోని పండేది నువ్వే గద!
చిట్టీ పైసలు ఎగ్గొట్టినోని మాట ఎవడు నమ్ముతడు?"

ఆఖరిది అనకపోదును.
అప్పటికే నోరు దాటింది.

లస్మయ్య గంటె పక్కన పెట్టిండు.
"పది తప్పిన, నిజం.
పైపులు నిజం. ఏసీ నిజం.
చిట్టీ... అదీ నిజమే, బక్రీదు దాటినంక కడ్త.
అన్ని ఒప్పుకున్న.
ఇగ పేజీ తియ్యి.
అంకెల తప్పెక్కడున్నదో చెప్పు."

నా దగ్గర ఇంకో నాలుగు తిట్లున్నయి.
ఒక్కటి గూడ ఆ పేజీకి అంటేది కాదు.

మీది మంచం నుంచి తౌఫీక్ కాళ్లు కిందికేసిండు.
బోధన్ పిలగాడు, ఏసీ మెకానిక్కు, మాటలు తక్కువ.
"కాకా, నీ థర్మామీటరు రేకు గోడకున్నది.
మూడింటికి ఎండ సీదా దాని మీదనే.
నువ్వు రాసేది గాలి వేడి కాదు, రేకు వేడి.
పైకెళ్లి రెండేండ్ల కింద పక్కన జనరేటర్ పెట్టిన్రు.
అప్పటిసంది లెక్క ఇంక నమ్మరాదు."

లస్మయ్య మొఖం చూసిన.
దెబ్బ తిన్నోని మొఖం కాదు,
జీతం పడ్డ మెసేజ్ చూసినోని మొఖం.
"ఏడేండ్లల్ల ఒక్కడన్న అడిగిండా ఇది!"
సుత్తె పట్టుకోని ఉరికిండు.

నీళ్ల ట్యాంకు నీడకు, మనిషెత్తుల,
గాలి ఆడే తావుల
ఇద్దరు కలిసి మేకు కొట్టిన్రు.
పాత పేజీల అంచుకు 'రేకు' అని రాసిండు,
కొట్టెయ్యలె.
"ఇక్కడ తక్కువ చూపిస్తె?" అన్న.
"తక్కువే రాస్త."

పప్పు మాడింది.
ఎవ్వడు ఏమనలె, తిన్నం.

తెల్లారుగట్ల నాలుగింటికి బస్సుకు పోతపోత
ఫోను లైటు పట్టిన:
ముప్పై ఆరు.
పెన్ను దారానికి ఊగుతున్నది.
రాసిన.
కింద నా పేరు రాయబోయి, ఆగిన.